మూర్ఛలో జన్యువుల వాటా ఎంత?

రాత్రంతా షూటింగ్‌లో నిలబడిన కుర్రాడు తెల్లవారుజామున గదికి చేరి, కాసేపు కునుకు తీసి లేస్తాడు. టీ గ్లాసు అందుకోగానే భుజం ఒక్కసారి ఎగిరిపడి గ్లాసు జారిపోతుంది. నీరసమని సరిపెట్టుకుంటాడు. సినిమా కార్మికులు, జూనియర్ ఆర్టిస్టులు ఎక్కువగా ఉండే హైదరాబాద్ కృష్ణానగర్‌లో నిద్ర లేని రాత్రులు మామూలే. అయితే పొద్దున్నే చేతులు ఇలా తరచూ ఎగిరిపడుతుంటే, అది జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ అనే మూర్ఛకు తొలి గుర్తు కావచ్చు. ఇది ఎక్కువగా 12 నుంచి 18 ఏళ్ల మధ్య బయటపడుతుంది.

మెదడులో గ్లుటమేట్ అనే రసాయనం నాడీకణాలను ఉత్తేజపరుస్తుంది, గాబా వాటిని శాంతపరుస్తుంది. గాబా కణం మీది గ్రాహకానికి అతుక్కుంటే అందులో సన్నని దారి తెరుచుకుంటుంది. క్లోరైడ్ అయాన్లు లోపలికి వెళ్లి కణాన్ని నెమ్మదింపజేస్తాయి. ఈ గ్రాహకంలో ఐదు ప్రొటీన్ భాగాలుంటాయి. వాటిని తయారుచేసే జన్యువుల్లో తేడా వస్తే దారి సరిగా తెరుచుకోకపోవచ్చు. అప్పుడు లెక్కలేనన్ని కణాలు ఒకేసారి రెచ్చిపోయే అవకాశం పెరుగుతుంది. కణాలు అలా ఒకేసారి రెచ్చిపోవడమే ఫిట్స్.

కెనడాలోని ఒక ఫ్రెంచ్ కుటుంబంలో జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీకి ఆ గ్రాహక జన్యువుల్లో ఒకటైన గాబ్రా1లోని మార్పే కారణమని 2002లో తేలింది. అలా ఒకే జన్యువు కారణమయ్యే కుటుంబాలు అరుదు. అమీర్‌పేట పక్కనే బేగంపేటలో ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయ జన్యుశాస్త్ర సంస్థ పరిశోధకులు చాలామందిలో ఉండే తేడాలను పరిశీలించారు. మరో గ్రాహక జన్యువు గాబ్రా6లోని ఒక తేడాకూ కొన్ని రకాల మూర్ఛకూ సంబంధం ఉందని 2014లో ప్రచురించారు. 2023లో దాదాపు 30 వేల మంది రోగుల మీద జరిగిన అంతర్జాతీయ అధ్యయనం మూర్ఛతో ముడిపడిన జన్యుస్థానాలు 26 ఉన్నాయని చెప్పింది. వీటిలో ఒక్కొక్కదాని ప్రభావం చాలా కొద్ది.

అంటే చాలామందిలో జన్యువు ముప్పును కొంత పెంచుతుందే తప్ప రోగాన్ని ఖాయం చేయదు. తల్లిదండ్రుల్లో ఒకరికి మూర్ఛ ఉన్నా, నూటికి తొంభై మందికి పైగా పిల్లలకు అది రాదు. ముప్పు ఉన్నవారిలో ఫిట్స్‌ను రప్పించేవి తరచూ నిద్రలేమి, మద్యం, మాత్రలు మానేయడం. ఇవి మన చేతిలో ఉన్నవే.

కొన్ని మందులు కూడా మెదడులోని ఈ రసాయనాల మీదే పనిచేస్తాయి. ఫినోబార్బిటాల్, క్లోబజామ్ గాబాకు బలాన్నిస్తాయి. కొన్ని రకాల మూర్ఛకు వాడే కార్బమజెపైన్ మాత్రం పొద్దున చేతులు ఎగిరిపడటాన్ని పెంచవచ్చు. అందుకే పక్కింటివాళ్ల మాత్ర మనం వేసుకోకూడదు. పంజాగుట్ట నిమ్స్ ఆస్పత్రిలో న్యూరాలజీ విభాగం ఉంది. డాక్టరుకు ఫిట్స్ గురించే కాదు, పొద్దున చేయి ఎగిరిపడిన సంగతీ చెప్పాలి. సరైన చికిత్స అందితే మూర్ఛ ఉన్నవారిలో 70 శాతం దాకా ఫిట్స్ లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది.

ఎవరికైనా ఫిట్స్ వస్తే చేతిలో తాళంచెవులు పెట్టకండి, నోట్లో ఏమీ కుక్కకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఐదు నిమిషాలు దాటితే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

హిందూ వివాహ చట్టంలో పెళ్లికి అడ్డుగా ఉన్న మూర్ఛను 1999లోనే తొలగించారు. సంబంధాలు చూసే ఇళ్లలో ఆ అడ్డు ఇంకా తొలగలేదు. ఆ భయంతోనే కొందరు ఆడపిల్లలు పెళ్లయ్యాక మాత్రలు దాచుకుని, చివరికి మానేస్తున్నారు. వాళ్లకు జన్యువు కన్నా పెద్ద ముప్పు అదే.