దేశభద్రత – వ్యక్తిగత గోప్యత: ఒక ప్రభుత్వ న్యాయవాది ప్రస్థానం

దేశభద్రతను కాపాడుట ప్రభుత్వ ధర్మం. తన ఆంతరంగిక జీవితాన్ని కాపాడుకొనుట పౌరుని హక్కు. ఈ రెండింటి నడుమ హద్దు ఎక్కడ? జస్టిస్ జాస్తి చలమేశ్వర్ గారి వృత్తిజీవితం ఈ ప్రశ్నను చక్కగా వివరిస్తుంది.

1953లో కృష్ణాజిల్లాలో జన్మించిన వీరు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివినారు. 1988-89లో రాష్ట్ర హోంశాఖకు ప్రభుత్వ ప్లీడరుగాను, అటుపిమ్మట అదనపు అడ్వొకేట్ జనరల్‌గాను పనిచేసినారు. పోలీసుల చర్యలను న్యాయస్థానంలో ప్రభుత్వ పక్షాన సమర్థించుట హోంశాఖ ప్లీడరు విధి. 2011లో వారు సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయినారు.

2015లో ఆధార్ వివాదం వారి ధర్మాసనం ముందుకు వచ్చినది. గోప్యత ప్రాథమిక హక్కు కాదని, 1954, 1962 నాటి తీర్పులే ఇందుకు ప్రమాణమని కేంద్ర ప్రభుత్వం వాదించినది.

ఆ 1962 తీర్పుతో మన గోదావరికి సంబంధమున్నది. ఖరక్‌సింగ్ అనే వ్యక్తిపై దోపిడి నేరం రుజువు కాకపోయినను పోలీసులు నిఘా ఉంచి, రాత్రివేళ ఇంటి తలుపు తట్టేవారు. రాత్రి తనిఖీలను కొట్టివేసినను, గోప్యత హక్కును మాత్రం అధిక సంఖ్యాక న్యాయమూర్తులు అంగీకరింపలేదు. మన కొవ్వూరుకు ఆవలి గట్టున గల రాజమండ్రిలో జన్మించిన జస్టిస్ కోకా సుబ్బారావు గారు విభేదించి, గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో అంతర్భాగమని వ్రాసినారు.

చలమేశ్వర్ గారి ధర్మాసనం ఈ ప్రశ్నను విస్తృత ధర్మాసనానికి నివేదించినది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనని ప్రకటించినారు. వారిలో చలమేశ్వర్ గారూ ఒకరు. నాటి అల్పసంఖ్యాకాభిప్రాయం యాభై అయిదేండ్లకు శాసనమైనది.

అయితే ఈ హక్కు నిరపేక్షం కాదు. ప్రభుత్వం జోక్యం చేసికొనవచ్చును. కాని అందుకు చట్టం ఉండవలెను, సముచిత ప్రయోజనం ఉండవలెను, చర్య అవసరానికి మించరాదు. 2023లో పార్లమెంటు వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేసినది. దేశభద్రత నిమిత్తం కొన్ని ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చే అధికారాన్ని మాత్రం ప్రభుత్వమే ఉంచుకొన్నది.

అనుమతి లేనిదే పరుల ఇంట ప్రవేశింపరాదనియు, ఇతరుల రహస్యాలను వెదకరాదనియు దివ్య ఖురాన్ బోధిస్తున్నది. నేడు ఆ ఇల్లు మన చేతిలోని ఫోనులో కూడ ఉన్నది. రేపు న్యాయవాదులు కాబోవు విద్యార్థులు గ్రహింపవలసినది ఇదే: ప్రభుత్వ న్యాయవాది కక్షిదారు ప్రభుత్వమే అయినను, అతని విధేయత రాజ్యాంగానికి. అవసరమైనచోట ప్రభుత్వానికి “ఇది తగదు” అని చెప్పుట కూడ అతని ఉద్యోగ ధర్మమే.