ఇటుకబొమ్మల బండ్లకు స్టీరింగు మోటారును ఎంచుకొను విధము

ఎద్దుబండిని మరలింపవలయునన్న బండివాడు పగ్గమును లాగిన చాలును. ఎద్దులు తిరుగును, వానితో కాడియు, నొగయు, బండియు తిరుగును. మోటారుబండికి ముందు ఎద్దులు లేవు గనుక ముందు చక్రములనే ప్రక్కకు త్రిప్పవలయును. పెద్ద బండిలో ఈ పనిని డ్రైవరు చేతులు చేయును. ఇటుకబొమ్మల బండిలో ఒక చిన్న యంత్రము చేయును. దానికి సెర్వో మోటారని పేరు. అది చెడిపోయినపుడు దాని స్థానమున దేనిని అమర్చవలయునో ఇచట వివరింపబడును.

ఇటుకబొమ్మలనగానే మన విద్యార్థులకు స్ఫురించునది లెగో. డెన్మార్కు దేశమున 1932లో ఆరంభమైన ఈ సంస్థ, ఒకదానితో నొకటి బిగియు నేటి ఇటుకకు 1958లో పేటెంటు కోరినది. 2007లో "పవర్ ఫంక్షన్స్" అను పేర మోటారుల వరుసను వెలువరించి, 2012లో దానికి సెర్వో మోటారును చేర్చినది. పిమ్మట ఆ వరుసను నిలిపివేసి "పవర్డ్ అప్" అను వేరొక వరుసను తెచ్చినది. కావున పాత బండ్లు గలవారికి అదే మోటారు క్రొత్తది దొరకుట దుర్లభమైనది.

తల్లిదండ్రులు కూడబెట్టిన సొమ్ముతో కొన్న బొమ్మ ఒక్క మోటారు లేక అటక నెక్కుట ఒక నష్టము. తొందరపడి సరిపడని మోటారును తెప్పించుట రెండవ నష్టము. దేవరకొండలోనో అచ్చంపేటలోనో ఉండువారికి వస్తువు హైదరాబాదునుండియో టపాలోనో రావలయును గనుక దానిని మార్చుకొనుటయు సులభము కాదు. ఈ నష్టములను తప్పించుకొను ఉపాయమొక్కటే: మోటారు బలమును చూచుటకు ముందు, అది ఎట్టి ఆజ్ఞను వినగలదో చూడవలయును.

1. చెడినది మోటారేనా?

మందు వేయుటకు ముందు రోగము తెలియవలయును. మొదట బండిని ఎత్తిపట్టి, చక్రములు నేలకు తగులకుండ స్టీరింగును ఆడించి చూడుడు. గాలిలో చక్కగ తిరిగి నేలపై తిరుగకున్నచో మోటారు చెడలేదు; ఇరుసుల బిగువో, ముందు చక్రములపై అధిక భారమో, బ్యాటరీల నీరసమో కారణము. క్రొత్త బ్యాటరీలు ఆరు కలిసి 9 వోల్టులిచ్చును. మరల మరల ఛార్జి చేయదగిన నికెలు బ్యాటరీలు ఆరు కలిసి 7.2 వోల్టులే ఇచ్చును.

పిమ్మట మోటారునుండి ఇరుసును ఊడదీసి చూడుడు. అప్పటికిని కదలకున్నచో దాని తీగను రిసీవరుమీది రెండవ స్థానమునకు మార్చుడు. పాత రిసీవరుపై ఎఱ్ఱది, నీలిది అని రెండు స్థానములుండును. ఒకదానిపై కదలి వేరొకదానిపై కదలకున్నచో దోషము రిసీవరుదే. ఇంకొక మాట: ఈ రిసీవరు పరారుణ కిరణముల ద్వారా ఆజ్ఞను గ్రహించును. మన ప్రాంతపు ఎండలో సూర్యుని పరారుణ కిరణములే దానిని కలవరపెట్టును. కావున పరీక్షను నీడలో చేయవలయును. ఇన్నియు చూచిన పిమ్మటను కదలకున్నచో, లేక లోపల పండ్లు జారు శబ్దము మాత్రమే వినవచ్చుచున్నచో, మోటారును మార్చవలసినదే.

2. సెర్వో చేయు పని

సామాన్యమైన మోటారు విద్యుత్తు అందుచున్నంతసేపు తిరుగుచునే యుండును. సెర్వో అట్లుగాక, చెప్పినచోటికి పోయి నిలుచును. దానిలో ఒక చిన్న మోటారును, వేగమును తగ్గించి బలమును పెంచు పండ్లచక్రములును, ఇరుసు ఎంత తిరిగినదో తెలుపు కొలత సాధనమును, ఆజ్ఞను ఆ కొలతతో పోల్చు సర్క్యూటును ఉండును. దుకాణదారుడు త్రాసుముల్లు నడుమకు వచ్చువరకు ధాన్యమును వేయుచు, తీయుచు ఉండును గదా. అట్లే ఈ సర్క్యూటు ఆజ్ఞకును, ఇరుసున్న స్థానమునకును భేదము లేకుండు వరకు మోటారును అటునిటు త్రిప్పును.

పాత లెగో సెర్వో నడుమనుండి ఎడమకు 90 డిగ్రీలు, కుడికి 90 డిగ్రీలు తిరుగును. ఒక్కొక్క ప్రక్కకు 7 మెట్లు, నడిమి స్థానముతో కూడి మొత్తము 15 స్థానములు. గుండ్రని మరలు గల రిమోటుతో ఈ మెట్లన్నిటిని వాడుకొనవచ్చును. మీటలు మాత్రమే గల రిమోటుతో ఎడమ కొస, నడుమ, కుడి కొస అను మూడు స్థానములే సిద్ధించును. మీటను విడిచినంతనే ఇరుసు నడుమకు మరలి వచ్చుట స్టీరింగునకు ప్రాణము వంటిది. అది లేనిచో బండి తిన్నగ పోనేరదు.

3. నాలుగు మార్గములు

మొదటిది, అదే మోటారునో, ఇతర సంస్థలు అదే తీరున చేసినదానినో కొనుట. పాత తీగలో నాలుగు దారులు గలవు: రెండు ఎల్లప్పుడు విద్యుత్తును, రెండు ఆజ్ఞను కొనివచ్చును. ప్లగ్గు బిగిసినంత మాత్రమున చాలదు. మెట్లన్నియు గలవా, మూడు స్థానములే గలవా అని అడిగి తెలిసికొనవలయును. బండిలో మరేమియు మార్చనవసరము లేనందున, వెల తగినదైనచో ఇదియే ఉత్తమము.

రెండవది, పవర్డ్ అప్ వరుసలోని కొలత గల మోటారు. 2019లో వెలువడిన 42099 సంఖ్యగల లెగో బండిలో స్టీరింగును త్రిప్పునది ఇట్టి మోటారే. ఇది ఎన్ని చుట్లయినను తిరుగగలదు. నడిమి స్థానమును ప్రోగ్రామే కనుగొనవలయును. అందుకై ఆరంభమున ఇరుసును ఒక కొసకును, రెండవ కొసకును త్రిప్పి చూచి నడుమను లెక్కించును. దీని ప్లగ్గు పాత రిసీవరునకు పట్టదు. క్రొత్త బ్యాటరీపెట్టె కావలయును. దానిని నడుపుటకు సాధారణముగ ఫోనును కావలయును. కావున మోటారు వెలను మాత్రమే చూచి మోసపోరాదు.

మూడవది, రేడియో విమానములలోను, బడిలోని రోబోలలోను వాడు మూడు తీగల సెర్వో. దీని వెల మిక్కిలి తక్కువ. ఐనను ఇది పాత లెగో ఆజ్ఞను గ్రహింపదు. సెకనుకు సుమారు 50 పర్యాయములు వచ్చు విద్యుత్ స్పందనము దీనికి ఆజ్ఞ; ఆ స్పందనము 1.5 మిల్లీసెకనులున్న నడుమకును, 1 లేక 2 మిల్లీసెకనులున్న చెరియొక ప్రక్కకును పోవును. రేడియో రిసీవరునో మైక్రోబిట్ వంటి బోర్డునో వాడువారికే ఇది తగినది. వీనిలో అనేకములు 4.8 మొదలు 6 వోల్టులకు ఏర్పడినవి. 9 వోల్టుల పెట్టెకు నేరుగ తగిలించిన కాలిపోవును. దీని ఇరుసు లెగో ఇరుసువలె కూడిక గుర్తు ఆకారమున ఉండదు గనుక నడుమ ఒక జోడింపు ముక్కయు కావలయును. గీక్‌సర్వో అను పేర వచ్చునది లెగో ఇరుసునకు, రంధ్రములకు సరిపడునట్లు చేయబడినది. నీతి ఆయోగ్ 2016లో ఆరంభించిన పథకము క్రింద అటల్ టింకరింగ్ ప్రయోగశాల ఏర్పడిన పాఠశాలలో త్రీడీ ప్రింటరు ఉన్నచో జోడింపు ముక్కను అచటనే చేసికొనవచ్చును.

నాలుగవది, సామాన్య మోటారునకు, భారము హెచ్చినపుడు జారిపోవు 24 పండ్ల తెల్లని క్లచ్చి చక్రమును చేర్చుట. కొసకు చేరగానే చక్రము జారును గనుక మోటారు కాలదు. కాని నడుమకు తానై రాదు. రబ్బరుపట్టీతో వెనుకకు లాగింపవలయును. చేతిలో ఉన్న వస్తువులతో పని గడుపుకొనువారికి ఇది చాలును.

4. కోణమును, బలమును లెక్కించుట

లెగో పండ్లచక్రములలో ఒక సౌకర్యము గలదు. పండ్లెన్నియో, పండ్లు కలియు వలయపు వ్యాసము అన్ని మిల్లీమీటరులు. 12 పండ్ల చక్రపు చుట్టుకొలత సుమారు 37.7 మిల్లీమీటరులు; అది 90 డిగ్రీలు తిరిగిన పండ్లపట్టీ 9.4 మిల్లీమీటరులు జరుగును. 45 డిగ్రీలే తిరుగు సెర్వోను అమర్చినచో పట్టీ అందులో సగమే జరుగును. బండి మలుపు తిరుగజాలదు. అప్పుడు 24 పండ్ల చక్రము వేసిన మరల 9.4 మిల్లీమీటరులు వచ్చును. కాని పట్టీని నెట్టు బలము సగమగును. కోణమున లాభించినది బలమున పోవును.

కావలసిన బలమును ఇంటిలోనే కొలువవచ్చును. స్టీరింగు ఇరుసునకు 4 సెంటీమీటరుల చేయిని అడ్డముగ బిగించి, దాని కొసను తూకపురాయి వ్రేలాడదీయుడు. 100 గ్రాములకు నేలమీది చక్రములు తిరిగినచో కావలసినది 0.4 కిలోగ్రాము-సెంటీమీటరులు. డబ్బాపై వ్రాసిన బలము సాధారణముగ మోటారు ఆగిపోవునప్పటిది గనుక దానికి రెట్టింపు కలదానినైనను ఎంచుకొనవలయును. ఎస్‌జీ90 అను చిన్న సెర్వోకు 4.8 వోల్టులవద్ద 1.8 అని చెప్పుదురు. అది ఈ బండికి చాలును. రాళ్ళపై నడుచు బరువు బండికి లోహపు పండ్లు గలదే మేలు.

5. దుకాణమున అడుగవలసినవి

కోఠిలోని గుజరాతీ గల్లీకి పోయినను, టపాలో తెప్పించినను ఈ ప్రశ్నలను కాగితముపై వ్రాసికొనుడు. ఇది ఏ రిసీవరు ఆజ్ఞను వినును? ఎన్ని వోల్టులు? ఒక్కొక్క ప్రక్కకు ఎన్ని డిగ్రీలు? తానై నడుమకు వచ్చునా? లెగో ఇరుసు పట్టునా? సరిపడనిచో తిరిగి తీసికొందురా? మొదటి ప్రశ్నకు తగిన ఉత్తరము రానిచో తక్కినవి అడుగనక్కరలేదు.

విద్యార్థులారా! చెడిన బొమ్మను పారవేయుట ఎవరికైనను చేతనగును. అది ఏల చెడినదో కనుగొని, కొలిచి, లెక్కించి, తగినదానిని అమర్చినవాడు ఒక్క మోటారును మాత్రమే కాక, రేపు పొలములోని పంపునకును, ఇంటిలోని కుట్టుమిషనుకును పనికివచ్చు పద్ధతిని సంపాదించుకొన్నవాడగును. తల్లిదండ్రులును సొమ్ము ఇచ్చుటకు ముందు పిల్లవానిని ఆ లెక్కను చేసి చూపుమని అడుగుదురు గాక.