నేనేం చేశానన్నా? (ఒక ఐపీ బ్యాన్ కథ)

పోయిన వేసవిలో మా హాస్టల్ వాళ్ళం ఏడెనిమిది మందిమి కలిసి ఒక మైన్‌క్రాఫ్ట్ సర్వర్ పెట్టాం. అడ్మిన్‌ని నేనే. రెడ్డిగూడెంలో మా పిన్ని కొడుకు పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉంటే వాణ్ణీ చేర్చాను. వాడు మూడు వారాలు కూర్చుని చెరువు గట్టు మీద ఒక పెంకుటిల్లు, దాని వెనక తోట కట్టుకున్నాడు. ఒక రాత్రి ఎవరి ఫ్రెండో, తిరువూరు కుర్రాడట, వచ్చి ఇళ్ళన్నిటి మీదా లావా పోసి తగలబెట్టాడు. పేరు మీద బ్యాన్ చేస్తే ఐదు నిమిషాల్లో ఇంకో పేరుతో వచ్చాడు. నాకు ఒళ్ళు మండింది. బ్యాన్-ఐపీ కమాండ్ కొట్టి పడుకున్నాను.

పొద్దున లేచేసరికి తమ్ముడి మెసేజ్: "నేనేం చేశానన్నా? నన్నెందుకు తీసేశావు?"

కాలిపోయింది వాడి ఇల్లు. గేటు మూసింది కూడా వాడికే. ఎలా జరిగిందో కనుక్కోవడానికి నాకు ఒక రోజంతా పట్టింది. కనుక్కున్నది మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

ఒకే నంబరు, ఎన్నో ఇళ్ళు

ఐపీ అడ్రస్ అంటే ఇంటి నంబరు లాంటిదని మనకు చెప్తుంటారు. ఒకప్పుడు అది నిజమే. ఐపీవీ4 అడ్రస్ 32 బిట్లు. మొత్తం లెక్కేస్తే దాదాపు 429 కోట్లు. ప్రపంచానికి ఇది చాల్లేదు. పంచిపెట్టే కేంద్ర సంస్థ దగ్గర చివరి కట్టలు 2011 ఫిబ్రవరి 3న అయిపోయాయి. కొత్తగా వచ్చిన ఇంటర్నెట్ కంపెనీలకి, మన ఊళ్ళలోని కేబుల్ ఆపరేటర్లకి మిగిలింది కొంచెమే. అందుకని ఒకే పబ్లిక్ అడ్రస్ వెనక చాలా ఇళ్ళని పెట్టడం మొదలైంది. దీన్నే క్యారియర్ గ్రేడ్ నాట్ అంటారు. 2012 ఏప్రిల్‌లో ఈ పని కోసమే 100.64.0.0 నుంచి 100.127.255.255 దాకా అడ్రస్‌లని విడిగా కేటాయించారు.

మా వైపు మామిడి లారీ గుర్తుచేసుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. సీజన్‌లో నాలుగైదు తోటల కాయ ఒకే లారీలో నున్న మార్కెట్‌కి వెళ్తుందనుకోండి. గేటు దగ్గర కనిపించేది లారీ నంబరు. ఏ పెట్టె ఏ రైతుదో పెట్టె మీది గుర్తు, లారీ వాడి పుస్తకం చెప్తాయి. ఇక్కడ లారీ నంబరే పబ్లిక్ ఐపీ, పెట్టె మీది గుర్తు పోర్ట్ నంబరు, పుస్తకం ఆపరేటర్ దగ్గరుండే లాగ్. ఒక అడ్రస్‌కి పోర్టులు 65,536. ఒక్కో ఇంటికి వెయ్యి ఇచ్చినా 60కి పైగా ఇళ్ళు ఒకే నంబరుతో బయటికి వస్తాయి. ఐపీ బ్యాన్ చేసేవాడు పెట్టె గుర్తు చూడడు. ఒక పెట్టెలో కాయ కుళ్ళిందని లారీ మొత్తాన్ని తిప్పి పంపేస్తాడు. మా తమ్ముడికీ, ఆ తిరువూరు కుర్రాడికీ ఆపరేటర్ ఒకరే. లారీ కూడా ఒకటే.

ఇది మా ఒక్కరి పొరపాటు కాదు. మన గోదావరి జిల్లాల వాళ్ళు ఎంతోమంది పనిచేసే ఖతార్‌లో 2006 చివర్లో ఇలాగే అయింది. ఆ దేశపు ఇంటర్నెట్ దాదాపు మొత్తం ఒకే అడ్రస్ మీదుగా బయటికి వచ్చేది. అల్లరి దిద్దుబాట్లు వస్తున్నాయని ఇంగ్లిష్ వికీపీడియా నిర్వాహకుడు ఒకరు ఆ అడ్రస్‌ని ఆపేశాడు. చదవడానికి అడ్డు లేదు గానీ, లాగిన్ కాకుండా రాద్దామనుకున్న వాళ్ళందరికీ దారి మూసుకుపోయింది. విషయం తెలిసి కొన్ని గంటల్లోనే తీసేశారు.

ఇంకో తమాషా ఏంటంటే, అసలు దొంగకి ఈ బ్యాన్ పెద్దగా తగలదు. రౌటర్ ఆపి ఆన్ చేసినా, ఫోన్‌లో ఫ్లైట్ మోడ్ వేసి తీసినా చాలాసార్లు కొత్త అడ్రస్ వచ్చేస్తుంది. ఎలుకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టినట్టు, ఇల్లు కాలుతుంది, ఎలుక పక్కింట్లో దూరుతుంది.

మీకు బ్యాన్ పడితే

ముందు మెసేజ్ సరిగ్గా చదవండి. బ్యాన్ మీ ఖాతా మీదా, అడ్రస్ మీదా? ఖాతా మీదైతే అడ్రస్ మార్చి లాభం లేదు.

తర్వాత రౌటర్ సెట్టింగ్స్‌లో వాన్ ఐపీ చూడండి. మీ ఐపీ ఎంతో చూపించే వెబ్‌సైట్‌లో వచ్చిన నంబరుతో పోల్చండి. రెండూ వేరైతే, రౌటర్‌లోది 100.64 నుంచి 100.127 లోపు గానీ 10తో గానీ మొదలైతే, మీరూ లారీలో ఉన్నట్టే.

అప్పుడు అడ్మిన్‌కి రాయండి. గేమ్‌లో మీ పేరు, బ్యాన్ కనిపించిన తేదీ, టైమ్, మీ పబ్లిక్ ఐపీ, అది షేర్డ్ అడ్రస్ అన్న మాట, ఇవి ఉంటే చాలు. తిట్టకండి. ఆయనకి కనిపించింది నంబరే, మీరు కాదు. తప్పు మీదే అయితే ఒప్పుకుని అడగండి.

వీపీఎన్ వేసుకుని దూరిపోవచ్చు కదా అంటారు. వీపీఎన్ కూడా లారీయే, ఇంకా ఎక్కువమంది ఎక్కిన లారీ. చాలా సర్వర్లు వాటిని ముందే ఆపేస్తాయి. పైగా దొరికితే, అప్పటిదాకా ఏ తప్పూ చేయని మీ ఖాతాకి బ్యాన్ తప్పించుకున్న తప్పు అంటుకుంటుంది.

మాటిమాటికీ ఇదే సమస్యైతే ఆపరేటర్‌ని స్టాటిక్ పబ్లిక్ ఐపీ అడగండి. ఇచ్చేవాళ్ళు సాధారణంగా నెలకి అదనంగా తీసుకుంటారు. సర్వర్‌కి ఐపీవీ6 ఉంటే అది ఇంకా మేలు. అక్కడ అడ్రస్‌లకి కరువు లేదు.

మీరే అడ్మిన్ అయితే

మా అసలు తప్పు ఇక్కడుంది. అందరి దగ్గరా కొన్న గేమ్ లేదని ఖాతా తనిఖీ ఆపేసి, అంటే ఆఫ్‌లైన్ మోడ్‌లో, సర్వర్ నడిపాం. అందులో ఎవరైనా ఏ పేరైనా పెట్టుకోవచ్చు. పేరుకి విలువ లేనప్పుడు అడ్మిన్ చెయ్యి ఐపీ మీదికే పోతుంది. వీలైతే ఆన్‌లైన్ మోడ్‌లో నడపండి. లేదంటే పాస్‌వర్డ్ అడిగే ప్లగిన్ పెట్టి, తెలిసినవాళ్ళ పేర్లతో వైట్‌లిస్ట్ పెట్టండి.

ఐపీ బ్యాన్ తప్పదనుకుంటే గడువు పెట్టండి. కౌంటర్-స్ట్రైక్ సర్వర్లలో యాడ్-ఐపీ కమాండ్‌కి ముందు నిమిషాలు ఇవ్వాలి. సున్నా ఇస్తే శాశ్వతం. మైన్‌క్రాఫ్ట్ మామూలు సర్వర్‌లో బ్యాన్-ఐపీ కమాండ్‌కి గడువు ఇవ్వలేం, మీరు పార్డన్-ఐపీ కొట్టేదాకా ఫైల్‌లో అలాగే ఉంటుంది. ఎందుకు చేశారో ఒక ముక్క రాసిపెట్టుకోండి. లాగ్‌లో టైమ్‌తో పాటు పోర్ట్ నంబరు కూడా ఉంచుకోండి. అది లేకపోతే ఏ పెట్టె ఎవరిదో ఆపరేటర్ కూడా చెప్పలేడు.

నేను పార్డన్ కొట్టి, వైట్‌లిస్ట్ పెట్టి, తమ్ముడికి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. "సర్లే అన్నా" అన్నాడు గానీ రెండు రోజులు రాలేదు. మూడో రోజు రాత్రి వచ్చాడు. లావా నేను తోడాను, పెంకులు వాడు పేర్చాడు. చెరువు గట్టు మీద ఇల్లు మళ్ళీ లేచింది. ఈసారి బోర్డు మీద వాడి పేరు కింద ఇంకో లైను రాశాడు: "అడ్మిన్ అడిగి రావాలి."