పసిబిడ్డలతో స్వదేశ ప్రయాణం

వేసవి సెలవులు సమీపించే వేళకు తిరుపతి, చిత్తూరు ప్రాంతాలలోని అనేక గృహాలలో ఒక నిరీక్షణ ప్రారంభమవుతుంది. కువైట్ నుంచి కుమారుడో, అమెరికా నుంచి కుమార్తెయో చిన్నబిడ్డలను వెంటబెట్టుకొని రానున్నారు. తాత మంచి మామిడికాయలను ఏరి గడ్డిలో మాగవేస్తాడు. అవ్వ దినాలు లెక్కపెట్టుకొంటుంది. అయితే వచ్చిన నాలుగు వారాలలో ఒక వారం నిద్రలేమికి, ఒక వారం జ్వరానికి, మిగిలిన రోజులు బంధువుల ఇండ్లు తిరగడానికి సరిపోయి, బిడ్డకు అవ్వ చేరువ కాకుండానే తిరుగుప్రయాణమైన సందర్భాలు నేనెరుగుదును. మూలకారణం ఒక్కటే. తల్లిదండ్రులకు ఇది పుట్టిన ఊరు; బిడ్డకు మాత్రం పరదేశం. ఈ సంగతి మరువకుంటే తక్కిన జాగ్రత్తలన్నీ వాటంతట అవే స్ఫురిస్తాయి.

మొదట పత్రాల విషయం. అమెరికా పాస్‌పోర్టుతో ప్రయాణం చేసే బిడ్డకు, తల్లిదండ్రులు భారతీయులే అయినా, మన దేశపు వీసా గాని, 2005లో ప్రారంభమైన ఓ.సి.ఐ. కార్డు గాని ఉండితీరవలె. ఈ కార్డు జీవితకాలపు వీసా వంటిది. గల్ఫ్ దేశాలలో పుట్టిన మన బిడ్డల సంగతి వేరు. అక్కడ పుట్టినంతమాత్రాన ఆ దేశపు పౌరసత్వం రాదు. కనుక ఏడాదిలోగా అక్కడి భారత రాయబార కార్యాలయంలో జననం నమోదు చేయించి, భారత పాస్‌పోర్టు పొందవలె. గడువు దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి అవసరమవుతుంది.

ఇక ప్రయాణం. విమానం దిగేటప్పుడు పసిబిడ్డలు గుక్కపట్టి ఏడవడం చూస్తుంటాం. చెవి లోపలి గాలికీ వెలుపలి గాలికీ ఒత్తిడి సమం కాకపోవడమే ఇందుకు కారణం. మింగినప్పుడు గొంతు నుంచి చెవికి పోయే సన్నని నాళం తెరచుకొంటుంది. అందువల్ల ఆ సమయంలో బిడ్డకు పాలు పట్టడం మంచిది. మన వైపు వచ్చేవారిలో పలువురు చెన్నైలోనో బెంగుళూరులోనో దిగుతారు. చెన్నై నుంచి తిరుపతికి సుమారు 140 కిలోమీటర్లు, బెంగుళూరు నుంచి సుమారు 250. అర్ధరాత్రి దిగినవారు వెంటనే కారెక్కక, అక్కడే విశ్రమించి తెల్లవారిన పిమ్మట బయలుదేరడం మేలు.

కువైట్ గడియారానికీ మనకూ రెండున్నర గంటలే తేడా. వేసవిలో న్యూయార్కుకూ మనకూ తొమ్మిదిన్నర గంటలు. శరీరం ఈ మార్పును రోజుకు సుమారు ఒక గంట చొప్పున మాత్రమే సర్దుకొంటుంది. అంటే అమెరికా నుంచి వచ్చిన బిడ్డ అర్ధరాత్రి లేచి ఆటలాడితే అది మొండితనం కాదు; అప్పుడు వాని శరీరానికి పగలు. ఉదయపు వెలుతురులో ఆరుబయట ఆడించడమే దీనికి మందు. మొదటి వారం ఏ ప్రయాణమూ పెట్టుకోరాదు. తిరుమలలో పుట్టువెంట్రుకలు తీయించే మొక్కు రెండవ వారంలో తీర్చుకోవచ్చును. కొండదారి మలుపులలో పిల్లలకు వాంతులు కావడం సహజం గనుక, తేలిక ఆహారం పెట్టి బయలుదేరవలె. ఏడాదిలోపు బిడ్డలతో వచ్చిన తల్లిదండ్రులకు సుపథం ద్వారా దర్శనానికి ప్రవేశం ఉన్నది. వేళలు మారుతుంటాయి గనుక ముందుగా విచారించుకోవలె.

ఆరోగ్యం విషయంలో మనవారిని మోసపుచ్చేది “మా ఊరి నీళ్లే గదా” అనే ధీమా. తల్లి తాగి పెరిగిన నీరు బిడ్డకు కొత్తది. కాచి చల్లార్చిన నీరే ఇవ్వవలె. పొయ్యి మీద నుంచి దించిన వేడి రాగిసంగటి బిడ్డకు నిరపాయం. ముందుగా కోసి ఉంచిన పండ్ల ముక్కలు కావు. ముద్దు కొద్దీ ఏడాది నిండని శిశువు నాలుకకు తేనె రాయరాదు; అందులోని సూక్ష్మజీవులు పసికందుకు ప్రాణాపాయం కలిగించవచ్చును. విరేచనాలైతే ఓ.ఆర్.ఎస్. పొట్లం శ్రేష్ఠం. అది దొరకనప్పుడు లీటరు శుభ్రమైన నీటిలో ఆరు సమతల చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించవలె. కండ్లు గుంటలు పడినా, మూత్రం ఆగినా, మగతగా ఉన్నా వైద్యుని వద్దకు తీసుకుపోవడంలో జాగు చేయరాదు. విదేశాల నుంచి బయలుదేరక ముందే తట్టు టీకా గురించి వైద్యుని అడగడం మరువరాదు; ప్రయాణం చేసే శిశువులకు ఆరవ నెల నుంచే దానిని ఇవ్వవచ్చును.

చివరగా పెద్దలకు ఒక మాట. ఫోను తెరమీద నవ్విన మనుమరాలు గడప దగ్గర అమ్మ చీర చాటుకు పోతుంది. అవ్వ మనసు చివుక్కుమంటుంది. అయినా బలవంతంగా ఎత్తుకోరాదు. మా వీధిలో ఒక అవ్వ ఈ రహస్యం కనుగొన్నది. అమెరికా నుంచి వచ్చిన అయిదేండ్ల మనుమరాలిని ఆమె పిలవనే లేదు. దినమూ సాయంత్రం తిన్నె మీద కూర్చుని కనకాంబరాలు కట్టేది. మూడవనాడు ఆ పిల్ల తానే వచ్చి దూరంగా కూర్చున్నది. అయిదవనాడు ఒక్కొక్క పువ్వే ఏరి అందించసాగింది. తిరుగు ప్రయాణం నాటికి ఆ పిల్లకు వచ్చిన తెలుగు మాటలు పట్టుమని పది ఉండవు. “అవ్వా, ఇంకో పువ్వు” అన్నవి వాటిలో మూడు. వేల మైళ్ల ప్రయాణానికి ఆ మూడు మాటలే ఫలితమనుకొన్నా, అది తక్కువ ఫలితం కాదు.