చేపల వేటకు... చక్రాల గది!

జనవరి వచ్చిందంటే అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో సరస్సులన్నీ గడ్డకట్టేస్తాయి. అంత చలిలో ఎవరైనా తలుపులు బిడాయించుకుని కూర్చుంటారు. అక్కడివాళ్లు మాత్రం సెలవురోజు తెల్లారకముందే ఇంటిల్లిపాదీ బయల్దేరతారు... చేపలు పట్టడానికి! మంచుగడ్డకి బెజ్జం వేసి, అందులోకి గాలం వదిలి, వాలై చేపకోసం గంటలకొద్దీ కాచుక్కూర్చోవడం వాళ్లకి పండగే. మినియాపొలిస్‌కి ఉత్తరంగా సుమారు 160 కిలోమీటర్ల దూరంలో ఉన్న మిల్ లాక్స్ సరస్సు ఈ వేటకు పెట్టింది పేరు.

ఒడ్డు నుంచి చేపలుండే చోటికి మంచుమీద చాలాదూరం వెళ్లాలి. అందుకు స్నోమొబైల్ కావాలి. ముందు రెండు స్కీలు, వెనక రబ్బరు పట్టా ఉండే మంచు బైకు అది. దానికి తోడు మంచుని తొలిచే ఆగర్, మడత గుడారం, గ్యాస్ హీటరు, చేప జాడ చెప్పే సోనార్... సరంజామా చాలానే ఉంటుంది. పైకప్పులేని ట్రైలర్‌లో తీసుకెళ్తే రోడ్డుమీద మంచు కరగడానికి చల్లే ఉప్పు వాటన్నిటినీ తినేస్తుంది. అందుకే చాలామంది నాలుగువైపులా మూసి ఉండే ట్రైలర్ కొంటారు. చిక్కంతా దాన్ని ఎంచుకోవడంలోనే!

కొలత చూసుకోవాలి

స్నోమొబైల్ వెడల్పు దాదాపు నాలుగడుగులు. ఏడడుగుల ట్రైలర్‌లో రెండింటిని పక్కపక్కనే పెట్టడం కుదరదు, ఒకటి కాస్త ముందుకీ ఒకటి వెనక్కీ జరపాలి. ఎనిమిదిన్నర అడుగులదైతే ఆ ఇబ్బంది ఉండదు. వెనకా ముందూ కూడా ర్యాంపు తలుపులుంటే ఇటు ఎక్కించి అటు దించేయొచ్చు. గడ్డకట్టే చలిలో బరువైన బండిని వెనక్కి లాగే బాధ తప్పుతుంది. ఇనుముకన్నా అల్యూమినియానిది ఖరీదెక్కువ, కానీ బరువు తక్కువ, తుప్పు పట్టదు.

అసలు లెక్క బరువుది

లోపల ఖాళీ ఉంది కదా అని నింపేయడమే చాలామంది చేసే పొరపాటు. ఒకే ఇరుసు ఉన్న ట్రైలర్లు చాలావాటి మీద మొత్తం బరువు 2,990 పౌండ్లు మించరాదని రాసి ఉంటుంది. అంటే సుమారు 1,350 కిలోలు. మిన్నెసోటాలో 3,000 పౌండ్లు, ఆపైన బరువుండే ట్రైలర్‌కి బ్రేకులు తప్పనిసరి కాబట్టి, దానికి ఒక్క మెట్టు కింద ఆగుతారన్నమాట! ఇప్పుడు లెక్కేయండి. ఖాళీ ట్రైలరే 680 కిలోలు అనుకుంటే మిగిలేది 670. పెట్రోలుతో కలిపి ఒక్కోటి 270 కిలోలుండే స్నోమొబైళ్లు రెండు ఎక్కిస్తే 540 పోతుంది. ఇక గుడారం, హీటరు, గ్యాస్ సిలిండరు, పనిముట్లన్నిటికీ కలిపి దక్కేది 130 కిలోలే. అది చాలదనుకునేవాళ్లు రెండు ఇరుసులు, బ్రేకులు ఉన్నదే తీసుకోవాలి.

సర్దడంలోనూ కిటుకుంది. ఎడ్లబండికి వెనక బరువెక్కితే కాడి పైకి లేస్తుంది. ఇక్కడా అంతే. ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ట్రక్కు కొక్కెం మీద పడేలా సర్దాలి. వెనక బరువెక్కువైతే జారుడు రోడ్డుమీద ట్రైలర్ తోకలా ఊగి ట్రక్కునీ లాగేస్తుంది.

ఒడ్డునే ఆగితే మేలు

సరస్సు చేరాక ఇంకో ప్రశ్న... ట్రైలర్‌ని మంచుమీదికి తీసుకెళ్లొచ్చా? మిన్నెసోటా సహజవనరుల శాఖ సూచనల ప్రకారం కొత్తగా ఏర్పడిన గట్టి మంచు మనిషి నడవడానికి 4 అంగుళాలు, స్నోమొబైల్‌కి 5 నుంచి 7, మధ్యరకం ట్రక్కుకి 13 అంగుళాల మందం ఉండాలి. భారీ ట్రక్కు వెనక చక్రాల గుడిసె కూడా ఉంటే 20 అంగుళాలకు పైనే! తెల్లటి మంచైతే ఇంకా మందం కావాలి. అందుకే ట్రైలర్‌ని ఒడ్డున వదిలి స్నోమొబైల్ మీద వెళ్లడమే తెలివైన పని.

రాత్రికి ఆ ట్రైలర్‌లోనే హీటరు పెట్టుకుని పడుకుందామనుకుంటే మాత్రం ప్రాణాలకే ముప్పు. సామాను మోయడానికి చేసిన పెట్టె అది. గాలి సరిగా ఆడని చోట వాసనైనా తెలియకుండా కార్బన్ మోనాక్సైడ్ కమ్మేస్తుంది. పెట్రోలు ఆవిరి తోడైతే నిప్పూ అంటుకోవచ్చు.

చేపదేముంది, ఈ వారం చిక్కకపోతే పైవారం చిక్కుతుంది. వెళ్లినవాళ్లందరూ క్షేమంగా ఇల్లు చేరడమే ముఖ్యం!