ఇంటి పనిలో భర్త వంతు ఎంత?

స్త్రీల వార్డులో డిశ్చార్జి అయ్యే ప్రతి తల్లికీ మేము ఒకే మాట చెబుతాము. "ఆరు వారాలు బరువులు ఎత్తవద్దమ్మా, కడవలు మోయవద్దు, వంగి కసువు ఊడ్చవద్దు." ఆమె తల ఊపుతుంది. ప్రక్కనే ఉన్న భర్త మందుల కవరు, బిల్లు కాగితాలు సర్దుకుంటూ ఉంటాడు. ఆ మాట తనకు సంబంధించినది కాదనుకుంటాడు. కాని బరువు ఎత్తవద్దని మేము చెప్పినంత మాత్రాన ఇంట్లో బరువులు లేకుండా పోవు కదా! ఆ ఆరు వారాలూ కడవ ఎవరో ఒకరు ఎత్తాలి, కసువు ఎవరో ఒకరు ఊడ్వాలి. ఆ ఒకరు ఎవరన్నది చీటీలో ఉండదు.

రొళ్ళ వైపు పల్లె నుండి వచ్చిన ఒక తల్లికి రెండవ కాన్పు సిజేరియన్ అయినది. మంచిగా ఇంటికి పంపినాము. పన్నెండవ రోజున పొట్ట కుట్లు విచ్చుకొని, చీము పట్టి, జ్వరముతో తిరిగి వచ్చింది. భర్తను ప్రక్కకు పిలిచి అడిగితే ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. "నీళ్ళు నేనే తెచ్చినాను కదా సిస్టర్! దినమూ టీవీఎస్ బండి మీద ఆరు బిందెలు తెచ్చి వాకిట్లో దించినాను" అన్నాడు. అబద్ధము కాదు, తెచ్చినాడు. అయితే వాకిలి దగ్గర నుండి వంటింటి వరకు ఆ బిందెలను ఎత్తినది ఎవరు? ఆమే. గడప దాటి లోపల నీళ్ళు పోయడం మగవాని పని కాదని ఆయనకు ఎవరూ చెప్పలేదు. కాని పుట్టినప్పటి నుండి చూసి నేర్చుకున్నాడు. అమ్మ ఏమంటుందోనని కూడా భయం. ఆ గడప విలువ ఆ కుటుంబానికి ఎంత పడిందంటే, ఇంకా పది రోజులు ఆస్పత్రి మంచం, రెండవసారి కుట్లు, పెద్దబిడ్డను చూసుకోవడానికి ఆయన మానుకున్న కూలి.

అత్తగారితో కూడా మాట్లాడినాము. ఆమె మొదట ముఖము చిట్లించింది. "మా కాలంలో కని మూడో దినము పనికి దిగినాము" అన్నది. ఆమె మాట కూడా నిజమే. కాని ఆ కాలపు పెద్దమ్మలు అరవై ఏళ్ళ వయసులో ఏ బాధతో మా ఓపీకి వస్తారో మాకు తెలుసు. గర్భసంచి జారి, కూర్చోలేక, నిలబడలేక, నవ్వితే మూత్రం పడిపోతుందని పెళ్ళిళ్ళకు కూడా పోవడం మానుకొని, పదేళ్ళు ఎవరికీ చెప్పక దాచుకొని వస్తారు. కాన్పు తరువాత గర్భసంచి మునుపటి పరిమాణానికి కుంచించుకోవడానికి సుమారు ఆరు వారాలు పడుతుంది. దానిని క్రింది నుండి మోసే కండరాలు కూడా అప్పుడు వదులుగా ఉంటాయి. పదిహేను లీటర్ల బిందె అంటే నీళ్ళే పదిహేను కేజీలు, బిందె బరువు వేరు. అంత బరువును నేల మీద నుండి ఎత్తేటప్పుడు పొట్టలోని ఒత్తిడి అంతా క్రిందికే తోస్తుంది. ఒకసారి కాదు, ఏళ్ళ తరబడి. ఇదంతా విన్న తరువాత ఆ అత్తగారే కొడుకుతో, "లోపలికి కూడా నువ్వే పొయ్యి నాయనా, చూసేవాళ్ళు చూడనీ" అన్నది.

గర్భసంచి తీయించుకున్న స్త్రీలకు కూడా ఇదే జాగ్రత్త చెప్పాలి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఈ ఆపరేషన్ అయిన స్త్రీలు దేశంలోకెల్లా ఎక్కువ శాతం ఉన్నది మన ఆంధ్రప్రదేశ్‌లోనే. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కూడా దాదాపు అంతా ఆడవారికే. మగవారికి చేసేది ఇంకా సులువు, పొట్ట కోయవలసిన పని లేదు. అయినా ముందుకు వచ్చేవారు వేళ్ళ మీద లెక్క. అంటే కోత ఆమెకే, కోత తరువాత కసువు కూడా ఆమెకే.

ఇది మా ఒక్క వార్డు మాట కాదు. కేంద్ర ప్రభుత్వము 2019లో దేశమంతటా ఇల్లిల్లూ తిరిగి, ఎవరు రోజులో ఏ పనికి ఎన్ని నిమిషాలు ఖర్చు పెడుతున్నారో లెక్క తీసింది. వంట, శుభ్రము, బట్టలు వంటి జీతము లేని ఇంటి పని చేసిన స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు ఆ పనిలో గడిపారు. చేసిన పురుషులు 97 నిమిషాలు. ఈ 97 కూడా చేసినవారి సగటే. ఆ రోజున అసలు ఇంటి పని ముట్టిన పురుషులు నూటికి 26 మంది, స్త్రీలు 81 మంది. మరల 2024లో లెక్క తీస్తే స్త్రీలకు 289, పురుషులకు 88 నిమిషాలు వచ్చింది. ఐదేళ్ళలో ఆమెకు పది నిమిషాలు తగ్గింది. సంతోషమే. ఆయనకు కూడా తొమ్మిది తగ్గింది! ఆ పది నిమిషాలు గ్యాసు పొయ్యి పుణ్యమో, కుళాయి పుణ్యమో గాని, ఆయన పుణ్యము మాత్రం కాదు.

2021 జనవరిలో సుప్రీంకోర్టు ఈ 299, 97 లెక్కనే ఒక తీర్పులో చూపింది. ఢిల్లీలో రోడ్డు ప్రమాదంలో దంపతులు ఇద్దరూ మరణించిన కేసు అది. భార్య గృహిణి. సంపాదన లేని మనిషికి నష్టపరిహారం ఎట్లా కట్టాలన్నది ప్రశ్న. మన ఉమ్మడి కృష్ణా జిల్లా పొన్నవరము వారైన జస్టిస్ ఎన్.వి. రమణ గారు ఆ తీర్పులో విడిగా వ్రాస్తూ, గృహిణి పని చేయడం లేదన్న ఆలోచన తప్పని, ఆమె పనికి కూడా ఆదాయము లెక్కగట్టాలని చెప్పినారు. చనిపోయిన తరువాత కోర్టు లెక్క కడుతుంది. బ్రతికి ఉండగా లెక్క చూడవలసినవారు ఇంట్లోనే ఉన్నారు.

మగవారికి శుభ్రము చేయడం రాదు అని కొందరు అంటారు. మేము ఒప్పుకోము. మన మడకశిర ప్రాంతంలో పట్టుపురుగులు పెంచే ఇళ్ళకు వెళ్ళి చూడండి. పంట మొదలు పెట్టకముందే షెడ్డు కడిగి, రెండు శాతం బ్లీచింగ్ పౌడరు, కొంచెం సున్నము కలిపిన ద్రావణము గోడలకు, నేలకు, తట్టలకు, చంద్రికలకు కొడతారు. గుమ్మము దగ్గర కాళ్ళు కడుక్కోనిదే ఎవరినీ లోపలికి రానివ్వరు. జ్వరము లేచిన పురుగులకు పడక మార్చి, ఎండిన ఆకు, పెంట ఎత్తి దూరంగా గుంతలో వేస్తారు. చచ్చిన పురుగును చేత్తో ఏరి పారేస్తారు. ఏ మాత్రం అశుభ్రమైనా పాలరోగం వచ్చి పంటంతా పోతుందని వారికి తెలుసు. ఆ పనిలో చాలా ఇళ్ళలో ముందుండేది ఇంటాయనే. ఎంత ఓర్పుగా, ఎంత పద్ధతిగా చేస్తాడో చూస్తే మా వార్డు బాయ్‌లకు చూపించాలనిపిస్తుంది. అదే మనిషి సాయంకాలం ఇంటికి వచ్చి, తిన్న తట్ట అక్కడే వదిలి లేస్తాడు. పురుగుల ఇల్లు కడగడం వ్యవసాయము, మనుషుల ఇల్లు కడగడం ఆడపని! హిందూపురం మార్కెట్లో గూళ్ళకు ధర ఉన్నది, బిడ్డల కడుపులో నులిపురుగులు లేకుండా చూసినందుకు ధర లేదు, అంతే తేడా.

వానలు లేక, వేరుశనగ చేతికి రాక బెంగుళూరు పోయిన మన పిల్లలు హోటళ్ళలో గిన్నెలు కడుగుతారు, బల్లలు తుడుస్తారు. అందులో అవమానము ఏమీ లేదు, మర్యాదగల కష్టము. పండుగకు ఊరికి వస్తే మాత్రం ఆ చేతులకు ఆ పని గుర్తుండదు.

భార్య కూడా బయట పనికి పోయే ఇళ్ళలో సర్దుబాటు అదే జరిగిపోతుంది అనుకుంటాము. మాకు కనబడుతున్నది వేరు. గార్మెంట్స్ పనికి పోయే తల్లులు తెల్లవారకముందే లేచి కసువు, కల్లాపి, వంట ముగించి బస్సు ఎక్కుతారు. చీకటి పడి వచ్చిన తరువాత గిన్నెలు. అవి కూడా కుదరకపోతే పని భర్తకు పోదు, పన్నెండేళ్ళ ఆడబిడ్డకు పోతుంది. నడుము నొప్పి అని, రక్తము తక్కువ అని వచ్చే ఆడపిల్లలను "ప్రొద్దున ఏమి చేస్తావమ్మా" అని అడిగితే చాలు, లెక్క బయటపడుతుంది. తమ్ముడు అదే సమయంలో ట్యూషన్‌లో ఉంటాడు. దంపతులు ఈ విషయం ఇద్దరూ కలిసి కూర్చొని ఆలోచించాలని మా కోరిక. మీరు పంచుకోని పని మాయము కాదు, మీ కూతురి పుస్తకాల మీద పడుతుంది.

ఇంకొకటి ఉన్నది, కంటికి కనబడనిది. సబ్బు అయిపోయిందని, పరుపు ఎండలో వేసి నెల అయిందని, తొట్టి పాచి పట్టిందని ఎవరికి గుర్తుంటుంది? "చెబితే చేస్తాను కదా" అనే భర్తలు మంచివారే. కాని ప్రతి రోజూ చెప్పడం కూడా ఒక పని, దానికి కూడా అలసట ఉన్నది. పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' అనే కథ చదివినవారికి మేము చెప్పేది అర్థమవుతుంది. ఇల్లు అలకడంలో మునిగిపోయి ఒక ఇల్లాలు తన పేరే మరచిపోయిన కథ అది. మా ఓపీలో కూడా పేరు అడిగితే "ఫలానావాళ్ళ అమ్మ" అని చెప్పేవారు ఉన్నారు. తల నొప్పి, నిద్ర పట్టకపోవడం అని వస్తారు. పరీక్షలన్నీ బాగుంటాయి.

షుగరు, బీపీ ఉన్న అన్నలకు ఒక మాట. రోజుకు అరగంట నడవమని డాక్టరు గారు చెబితే తీరిక లేదంటారు. వారానికి 150 నిమిషాలు ఒళ్ళు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అది నడకే కానక్కరలేదు, ఇంటి పని కూడా లెక్కలోకే వస్తుంది. వాకిలి ఊడ్చి, నాలుగు బిందెలు లోపల పోసి, బట్టలు పిండి ఆరవేస్తే ఆ పూట వ్యాయామము అయినట్టే. గుండె జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరును అడిగి మొదలు పెట్టాలి.

ఏ పని ఎవరు చేయాలని అడిగేవారికి మేము ఆడ, మగ అని చెప్పము. బరువు, వంగడం, మెట్లు ఎక్కడం చూసుకోండి అని చెబుతాము. నీటి తొట్టి కడగడం మగవారు తీసుకోవచ్చు. రోజు విడిచి రోజు నీళ్ళు వచ్చే ఊళ్ళలో డ్రమ్ములు, సిమెంటు తొట్లు నింపుకోక తప్పదు. డెంగీ దోమ గుడ్డు పెట్టేది ఆ తొట్టి గోడకే. గుడ్డు నుండి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. నీళ్ళు పారబోస్తే సరిపోదు, ఎండిన గోడ మీద కూడా ఆ గుడ్లు నెలల తరబడి బ్రతికి ఉంటాయి. వారానికి ఒకసారి బ్రష్షుతో గట్టిగా రుద్ది కడగాలి. అది భుజబలము ఉన్నవారి పని. పరకకు పొడుగు కర్ర కట్టిస్తే ఎవరు ఊడ్చినా నడుము వంగనక్కరలేదు. ఐదు నిమిషాల పని, కర్ర ఖర్చు తప్ప ఏమీ లేదు. ఎందుకో మన ఇళ్ళలో ఎవరూ చేయరు.

ఇక మరుగుదొడ్డి. 2014 తరువాత స్వచ్ఛ భారత్‌లో పల్లెపల్లెకూ దొడ్లు కట్టించారు. కట్టించినప్పుడు ఫోటోలో నిలబడినది ఇంటి యజమాని, అప్పటి నుండి కడుగుతున్నది ఇల్లాలు. ఈ మధ్య కొందరు భర్తలు ఈ పని తీసుకుంటున్నారు, చాలా సంతోషము. వారిలో ఒకాయన కళ్ళు మండి, దగ్గు ఆగక మా క్యాజువాలిటీకి వచ్చినాడు. ఇంకా తెల్లగా రావాలని బ్లీచింగ్ పౌడరు చల్లి, దాని మీదనే ఆసిడ్ పోసినాడట! అట్లా కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది, ఊపిరితిత్తులను కాల్చుతుంది. క్రొత్తగా పని మొదలు పెట్టిన అన్నలు ఇది గుర్తుంచుకోండి. ఒక రోజు ఒకటే వాడండి. మొదట నీళ్ళు పోసి, తలుపు తెరిచి ఉంచి, బ్రష్షుతో రుద్దండి. చేతికి ఉత్త ప్లాస్టిక్ కవరు చుట్టుకున్నా సరే, మందు చర్మానికి తగలనివ్వకండి. సీసాలు బిడ్డలకు అందని ఎత్తులో పెట్టండి, కూల్‌డ్రింక్ సీసాలో మాత్రం ఎప్పుడూ పోసి ఉంచకండి.