తిప్పతీగ: మేలూ ఉంది, మెలకువా కావాలి

మన ఊళ్లలో వేపచెట్టును అల్లుకొని పైకి పాకే తిప్పతీగను చూడనివారు తక్కువ. ఆకు హృదయాకారంలో ఉంటుంది. కాండాన్ని అడ్డంగా కోస్తే బండిచక్రం ఆకుల్లాంటి గీతలు కనిపిస్తాయి. పైనుంచి సన్నని ఊడలు దారాల్లా వేలాడతాయి. ముక్క తెంచి పాతినా మళ్లీ చిగురిస్తుంది. సంస్కృతంలో దీనిని గుడూచి, అమృత అన్నారు. ఉర్దూలో గిలో, గుర్చ్ అంటాం. శాస్త్రీయ నామం టినోస్పోరా కార్డిఫోలియా.

యునానీ హకీములు, ఆయుర్వేద వైద్యులు దీని కాండాన్ని జ్వరాలకు, మధుమేహానికి వాడుతూ వచ్చారు. పచ్చి కాండాన్ని దంచి, నీటిలో నానబెట్టి, పిసికి వడగడితే అడుగున తెల్లని పిండి పేరుకుంటుంది. దానిని ఆరబెడితే వచ్చేదే సత్-ఎ-గిలో.

కరోనా రోజుల్లో మా వీధిలో దాదాపు ప్రతి ఇంటా తిప్పతీగ కషాయం కాగింది. ఎవరికి ఎంత, ఎన్నాళ్లు అని అడిగినవారు లేరు. 2020 చివరి నెలల్లో ముంబై వైద్యులు ఈ తీగ వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతినడం గమనించి, మరుసటి ఏడాది ప్రకటించారు. అది అసలు తిప్పతీగేనా, దానిని పోలిన మరో జాతా అని తేల్చలేదంటూ ఆయుష్ మంత్రిత్వశాఖ అభ్యంతరం చెప్పింది. వాదం ఎటు తేలినా మనకు పాఠం ఒక్కటే: తీగను సరిగా గుర్తించాలి, వైద్యుడు చెప్పిన మోతాదు దాటకూడదు.

కాలేయ వ్యాధి ఉన్నవారు, గర్భిణులు సొంతంగా దీని జోలికి పోరాదు. ఇది చక్కెరను తగ్గించగలదు కనుక షుగరు మాత్రలు వేసుకునేవారు డాక్టరుకు చెప్పాకే వాడాలి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగుకు మారినా వెంటనే కషాయం మాని ఆసుపత్రికి వెళ్లాలి.

పేదవాడు పెరటి తీగను నమ్ముకునేది చాలాసార్లు దానిమీద గురితో కాదు, ఆసుపత్రికి వెళ్లే దారిఖర్చు లేక. జబ్బు చేస్తే వైద్యం చేయించుకోమని మన ప్రవక్త (స) బోధించారు. ఆ బోధన పేదవాడి గడపకూ చేరాలంటే ఒక రక్తపరీక్షకో, ఒక మందుచీటీకో మన చేయి సాయపడాలి. మొక్క నాటడం సదఖా అయితే, రోగిని సకాలంలో వైద్యుని దగ్గరకు చేర్చడమూ సదఖాయే. అల్లాహ్ మనందరి దానాన్ని స్వీకరించుగాక. ఆమీన్.